కొసకు కొస కలిపిన కాయిలు

రండి, ఆ చాప ఇంకొంచెం ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. ఫ్యాను గాలి ఈ మూలకే బాగా వస్తుంది. ఆ ఫ్యాను లోపలి రాగితీగ కాయిలు నా చేత్తో చుట్టిందే కాబట్టి దాని గుణం నాకు తెలుసు. కాళ్ళు చాపుకోవాలంటే చాపుకోండి, ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. చెప్పేది అటూ ఇటూ తిరిగి వస్తుంది. మీరు కాస్త ఓపిక పట్టి వింటే, మా కూతురు పదో తరగతిలో ఉన్న ఏడాది, నేను చుట్టిన ఒక కాయిలు చేసిన పని చెబుతాను.

అది ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, పోయిన వారం మా కూతురు కడప నుంచి బస్సులో ఒక పెట్టె పంపింది. విప్పితే లోపల నల్లగా, నున్నగా, పెద్ద పలకలాంటి వస్తువు. ఇండక్షన్ పొయ్యి అంట. మంట లేదు, పొగ లేదు, వత్తి లేదు. సంగటికి ఎసరు పెడదామని మా పెద్ద సత్తు గిన్నె దాని మీద పెట్టాను. అది చంటిబిడ్డ మాదిరి కీచుకీచుమని ఏడ్చి ఊరుకుంది. గిన్నె మార్చాను, మళ్ళీ ఏడ్చింది. కూతురికి ఫోను చేశాను. "మా, అయస్కాంతం పెట్టి సూడు. అంటుకునే గిన్నె పనికొస్తాది, అంటుకోనిది పనికిరాదు" అంది. మా షెడ్డులో పాత మైకులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని వంటింట్లో గిన్నె గిన్నెకూ ఆనించి చూశాను. సత్తు గిన్నెలన్నీ ఫెయిలు, ఇత్తడి బిందె ఫెయిలు, స్టీలు గిన్నెల్లో సగం పాసు. జొన్నరొట్టె పెనం మాత్రం అయస్కాంతాన్ని గబుక్కున పట్టుకుంది, ఊడదీయడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. గడపలో నిలబడి ఇదంతా చూస్తున్న మా ఇంటాయన, "ఏమే, గిన్నెలకు దిష్టి తీస్తాండావా?" అన్నాడు.

ఆయన్ను పట్టించుకోకుండా, "పాపా, ఈ పలక లోపల ఏముండాది?" అని కూతుర్ని అడిగాను. "కాయిలే మా. నువ్వు బతుకంతా చుట్టిండేదే. పళ్ళెం మాదిరి పరిచి పెట్టినారు, అంతే" అని చెప్పి, "భయపడొద్దులే, దాన్ని కొసకు కొస కలపలేదు" అంది. ఇద్దరం ఫోనులోనే పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు వెనక ఉన్నదే నేను చెప్పబోయేది.

మాది డోన్ దాటాక కర్నూలు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. కాలిపోయిన బోరు మోటార్లు, బావి మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు మా దగ్గరికి వస్తాయి. మా సీమలో వాన మొహం చాటేసిన ఏడాది మా షెడ్డు నిండిపోతుంది. నీళ్ళు అడుగంటిన బోరులో మోటారు ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోతుంది కదా. రైతు దిగాలుగా మోటారు మోసుకొస్తే మాకు పని దొరుకుతుంది. ఇది తలచుకుంటే నాకు ఎప్పుడూ కొంచెం సిగ్గుగానే ఉంటుంది, అందుకే ప్రతి మోటారునూ సొంత పొలానికి చుట్టినట్టే చుట్టేదాన్ని. కాలిన తీగ లాగేయడం, కొత్త కాయిళ్ళు మోటారు లోపలి గాళ్ళలో బిగించడం, వార్నీషు పోయడం మా ఇంటాయన పని. కాయిలు చుట్టడం మాత్రం మా ఇంట్లో మొదట్నుంచీ ఆడవాళ్ళదే. దాన్ని మొదలుపెట్టింది మా అత్త. అక్షరం రాని మనిషి. తన మొగుడు చుట్టే కాయిళ్ళు వంకరగా ఉన్నాయని ఒకరోజు చెక్క అచ్చు ఆయన చేతిలోంచి లాక్కుని తనే చుట్టిందంట. ఆ పొద్దు నుంచి మళ్ళీ తిరిగి ఇవ్వలేదు.

అంకెలు రాని మనిషి చుట్లు ఎలా లెక్కపెట్టిందని మీకు అనుమానం రావాలి. మా చర్చిలో ఎవరి చోటు వాళ్ళది. చాపల మీద వరసగా ఏ ఇంటివాళ్ళు ఎక్కడ కూర్చోవాలో పుట్టినప్పటి నుంచీ తెలిసే ఉంటుంది. రెండు చేతుల వేళ్ళు పది, పది చుట్లకు ఒక ఇల్లు అనుకుంది మా అత్త. మొదటి పది మేస్త్రీ పెదనాయన ఇల్లు. రెండో పది కోళ్ళ అవ్వ ఇల్లు. మూడోది గొంతు పెద్ద చిన్నమ్మది. నాలుగోది ముగ్గురాడపిల్లలున్న ఇల్లు. ఐదోది రైల్వే మామది. ఆరోది తలుపు కాడి తాతది, ఆయన ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గరే కూర్చునేవాడు. తాత దగ్గరికి వచ్చిందంటే అరవై చుట్లయినట్టు. నూట ఇరవై కావాలంటే చర్చికి రెండుసార్లు పోయి రావాలి. నేను కోడలిగా వచ్చినప్పుడు నాకు అంకెలు వచ్చు, అయినా ఆమె లెక్కే నేర్చుకున్నాను. అంకెలైతే మధ్యలో జారిపోతాయి. మనుషులు జారిపోరు. కోళ్ళ అవ్వ తర్వాత రైల్వే మామ వచ్చాడంటే మధ్యలో ఇద్దరు తప్పిపోయారని చేతికే తెలుస్తుంది.

ఈ లెక్క నడుస్తున్నప్పుడు చుట్టేవాళ్ళతో మాట్లాడకూడదు. అది మా ఇంటి చట్టం. చుట్టడం మొదలుపెట్టగానే షెడ్డు తలుపుకు ఎర్రగుడ్డ వేలాడదీస్తాం. అది కనబడితే ఎంతటివాళ్ళయినా బయట కడప బండ అరుగు మీద నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ఇంకో చట్టం చుట్టడం అయ్యాక వచ్చేది. ప్రతి కాయిలుకూ రెండు చివరలుంటాయి. చుట్టడం మొదలుపెట్టిన చివర పేరు మొదలు, ముగించిన చివర పేరు కొస. మోటారులో పక్కపక్కన ఉండే కాయిళ్ళను కొసకు కొస, మొదలుకు మొదలు కలపాలి. అలా కలపకపోతే మోటారు గొడ్డు మూలిగినట్టు మూలుగుతుంది గానీ తిరగదు. ఎందుకని నేను అడిగితే మా అత్త, "అది తిరగాలంటే అట్లే కలపాల, నువ్వు తినాలంటే నోట్లోనే పెట్టుకోవాల" అంది. అంతకు మించి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియకుండానే లెక్కలేనన్ని మోటార్లు తిప్పాం.

మా కూతురు ఈ కాయిళ్ళ మధ్యనే పెరిగింది. ఏడో ఏట నుంచే కాయిలు మీద బొటనవేలు పాముతూ, "జేజీ, ఈడ ఒక చుట్టు ఒదులుండాది" అని మా అత్తకు చెప్పేది. చేతిలో అంత తెలివి ఉన్న పిల్లకు పదో తరగతిలో ఫిజిక్సు కొరుకుడు పడలేదు. అర్ధ సంవత్సరం పరీక్షలో తప్పింది. అయస్కాంత క్షేత్రం, విద్యుదయస్కాంత ప్రేరణ, అభివాహం అని అరుగు మీద కూర్చుని మంత్రం మాదిరి వల్లె వేసేది. "అభివాహం అంటే ఏందిమే, ఏమన్నా జబ్బా?" అని వాళ్ళ నాయన ఎగతాళి చేసేవాడు. ఆ పిల్ల నవ్వేది కాదు. ఒకరోజు పుస్తకం మూసి, "మా, నేను బడికి పోను. షెడ్డులో కూర్చుంటా. నాకు పని వచ్చు గదా" అంది. మా ఇంటాయన కూడా, "నిజమే గదా, చేతిలో ఇద్య ఉండాది. ఆ సదువుతో ఏం పని?" అన్నాడు. మా నాయన కూడా నా ఐదో తరగతిలో సరిగ్గా ఈ మాటే అన్నాడు. నాకు పనిమీద కోపం లేదు, ఆ పనే మమ్మల్ని బతికించింది. కానీ ఎందుకు తిరుగుతుందో తెలియకుండా నేను ముసలిదాన్నవుతున్నాను. నా కూతురు కూడా అట్లా కాకూడదని నా మొండితనం. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ పిల్ల బడి మానుతుందా మానదా అనేదే ఆ చలికాలమంతా మా ఇంట్లో నలిగిన విషయం. "పండుగ సెలవుల దాకా పో, ఆ తర్వాత నీ ఇష్టం" అని గడువు పెట్టి ఆపాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నేను పెద్ద మోటారు కాయిలు చుడుతున్నాను. తలుపుకు ఎర్రగుడ్డ ఉంది. మేస్త్రీ పెదనాయన అయ్యాడు, కోళ్ళ అవ్వ అయింది, గొంతు పెద్ద చిన్నమ్మ అయింది, ముగ్గురాడపిల్లల ఇంట్లో ఆరో చుట్టు మీద ఉన్నాను. ఎవరో ఆ గుడ్డను ఆరేసిన బట్ట అనుకుని పక్కకు జరిపి, లోపలికి వచ్చి, "అమ్మా, నమస్కారం" అన్నారు. మా అత్త మంచం మీంచి, మా ఇంటాయన వార్నీషు డబ్బా దగ్గర నుంచి, ఇద్దరూ ఒకేసారి "ష్!" అన్నారు. వాళ్ళ కేకతోనే నా లెక్క పోయింది. ముగ్గురాడపిల్లలూ ఎటు పోయారో తెలియలేదు. చుట్టినదంతా మొదటికి విప్పాల్సి వచ్చింది. వచ్చినాయన చేతులు కట్టుకుని, బడిలో తప్పుచేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు. మా అత్తకు అప్పటికే చూపు మందగించింది. "ఎవురప్పా నువ్వు? తలుపు కాడ ఎర్రగుడ్డ కనపళ్యా? రైలును గూడ నిలబెడతాది అది!" అంది.

ఆయన హైస్కూలు ఫిజిక్సు సారు. బద్వేలు దగ్గర పల్లె నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, సంచిలో సుద్దముక్కల వాసన. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం తీశాడు, దాని మీద రాగితీగ అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. "అమ్మా, ఇది నేనే చుట్టినా. పిల్లోళ్ళకు పాఠం సూపిద్దామని. గొట్టం లోపల అయస్కాంతం ఆడిస్తే తీగలో కరెంటు పుట్టాల. మీటరు ముల్లు కదలాల. మూడు రోజుల నుంచి ఆడిస్తాండా, నా చెయ్యి నొప్పి పుట్టిందే గాని ముల్లు కదల్లేదు" అన్నాడు. నేను తీగ చివరలు చూశాను. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా అత్త తడిమి చూసి, "సారూ, గంపెడు సదువుకున్నావు, తీగకు తోలు గీకల్యా?" అంది. రాగితీగ మీద కంటికి కనబడని వార్నీషు పొర ఉంటుంది. చివరల్లో బ్లేడుతో గీకకపోతే కరెంటు లోపల నుంచి బయటికి రాదు. సారు నుదురు కొట్టుకున్నాడు. "పుస్తకంలో ఇది రాయలేదమ్మా" అన్నాడు. "మరి ఏం రాసినారప్పా అన్ని పేజీల్లో?" అంది మా అత్త.

"మీ చేత్తో ఒక మంచి కాయిలు చుట్టిస్తారా?" అని సారు అడిగాడు. నేను ఒప్పుకున్నాను గానీ ఒక షరతు పెట్టాను. "సార్, నాకేమీ ఇయ్యొద్దు. మా పాప మీ తరగతే. కడగొట్టు బెంచీలో కూర్చుంటాది. పండుగ తర్వాత బడి మానుతా అంటాంది. ఆ పాఠం మాత్రం ఆ పిల్లకు అర్థమయ్యేట్టు చెప్పాల" అన్నాను. సారు, "అయితే మీరూ రండమ్మా ఆ పొద్దు. మీ కాయిలు ఏం చేస్తాదో మీరూ చూడాల గదా" అన్నాడు. మా షెడ్డు వెనకే ఉన్న హైస్కూలులో నేను ఏనాడూ అడుగుపెట్టలేదు. ప్రహరీ అవతల గంట కొడితే ఇక్కడ పొయ్యి మీద పప్పు దించడం, అంతవరకే నాకూ ఆ బడికీ సంబంధం.

ఆ కాయిలును నేను పెళ్ళికూతురికి జడ వేసినంత శ్రద్ధగా చుట్టాను. పెద్ద చుట్టలోంచి కొత్త తీగ తెంచడానికి మా ఇంటాయన గొణుగుతాడని, మిగిలిపోయిన రెండు ముక్కలు తీసుకున్నాను. ఒక్కో ముక్క మూడువందల చుట్లు వచ్చింది. చర్చికి ఐదుసార్లు పోయి వచ్చాను, గొట్టం మీద మొదటి కాయిలు తయారు. దాని మీద కాగితం చుట్టి, మళ్ళీ ఐదుసార్లు చర్చికి పోయి, రెండోది తయారు. మా అత్త వేలితో పామి, "తలుపు కాడి తాత గూడ సరిగ్గా కూర్చున్నాడు" అని మెచ్చుకుంది. ఇక రెండు ముక్కలూ కలపాలి. చివరలు గీకాను, కలిపాను, పైన టేపు చుట్టాను. ఎట్లా కలిపానో ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి అది, దానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆ రోజు చర్చికి కట్టుకునే చీర కట్టుకుని పోయాను. సారు నన్ను కిటికీ పక్క బెంచీలో కూర్చోబెట్టాడు. బెంచీ నాకు చాలలేదు, మోకాళ్ళు పైకి వచ్చాయి. ఆడపిల్లలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. మా కూతురు చివరి బెంచీలో తల దించుకుని ఉంది. అమ్మ బడికి వచ్చిందంటే పిల్లలకు ఎట్లుంటుందో మీకు తెలియనిది కాదు. సారు నా కాయిలును బల్ల మీద పెట్టి, మీటరుకు తీగలు తగిలించి, "ఇది మన షెడ్డు అమ్మ చుట్టింది. ఈమె చేతి కాయిలుతో ఊళ్ళో సగం పొలాలు తడుస్తాండాయి. ఇప్పుడు చూడండి" అని అయస్కాంతం కడ్డీని గొట్టంలోకి తోశాడు.

ముల్లు కదల్లేదు.

మళ్ళీ తోశాడు, లాగాడు, గబగబా ఆడించాడు. ముల్లు గోడకు కొట్టిన మేకులా నిలబడింది. "సార్, ముల్లు నిద్రపోతాండాది" అన్నారెవరో. తరగతంతా నవ్వింది. సారు నిదానం గల మనిషి. టార్చి బ్యాటరీ తెచ్చి తీగలకు ఒక్క క్షణం తాకించాడు, ముల్లు ఎగిరి చివరకు కొట్టుకుంది. అంటే తీగ తెగలేదు, మీటరు చెడలేదు. కడ్డీని గుండుసూదుల డబ్బాలో ముంచాడు, గుత్తులుగా అంటుకున్నాయి. అంటే అయస్కాంతమూ మంచిదే. అన్నీ మంచివే, పని మాత్రం జరగలేదు. "షెడ్డోళ్ళ కాయిలు ఫెయిలు!" అని ఒక గొంతు వినబడింది. నేను నా కూతురి వైపు చూడలేకపోయాను. చదువు మీద దానికి మిగిలిన పిసరంత ఆశను నా చేతులతో నేనే తుంచేశానని అనుకున్నాను. దేవుడా, రేపటి నుంచి ఈ పిల్ల ఈ గడప తొక్కదు అని మనసులో ఖాయం చేసుకున్నాను.

అప్పుడు వెనక బెంచీ కిర్రుమంది. "సార్, నేనొకసారి చూడొచ్చా?" అంది మా కూతురు. తను వచ్చాక ఆ తరగతిలో అది నోరు తెరవడం అదే మొదటిసారని సారు తర్వాత చెప్పాడు. వచ్చి, కాయిలును ఒడిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, జేజి నేర్పినట్టు బొటనవేలితో పామింది. టేపు దగ్గర వేలు ఆగింది. టేపు విప్పింది.

"మా, ఇది ఎట్ల కలిపినావు?"

"కొసకు కొస."

"మోటారుకు కలిపినట్లా?"

"ఇంకెట్ల కలుపుతారుమే?" అన్నాను. తరగతి మళ్ళీ నవ్వింది. మా కూతురు నవ్వలేదు, దాని ముఖం మాత్రం మారింది. దీపం వత్తి పైకి లాగినప్పుడు గది మారుతుందే, అట్లా. "సార్, మోటారులో కాయిళ్ళు పక్కపక్కన ఉంటాయి. ఒకటి నార్తు అయితే పక్కది సౌతు కావాల. దానికోసమే ఎదురు కలుపుతాం. ఈడ రెండు కాయిళ్ళూ ఒకే గొట్టం మీద, ఒకదాని మీద ఒకటి ఉండాయి. లోపలిది కరెంటును ఇటు తోస్తాంటే పైది అటు తోస్తాంది. ఇద్దరికీ సమానం బలం. మా అమ్మ లెక్క తప్పదు సార్, ఒక్క చుట్టు గూడ తేడా ఉండదు. ఇంక ముల్లు ఎటు పోతాది?" అంది.

సారు సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, ముందు బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నాడు. "నువ్వే సరిచెయ్యి పాపా" అన్నాడు. పెన్సిలు చెక్కే బ్లేడు ఒకటి ఎవరో ఇచ్చారు. మా కూతురు ముడి విప్పి, మొదటి కాయిలు కొసను రెండోదాని మొదలుకు మెలిపెట్టి, మిగిలిన చివర బ్లేడుతో గీకి మీటరుకు తగిలించింది. కడ్డీ అందుకుని గొట్టంలోకి తోసింది. ముల్లు గభాలున ఒక పక్కకు ఉరికింది! బయటికి లాగితే ఇంకో పక్కకు ఉరికింది. పిల్లలందరూ బెంచీలెక్కారు. నేనూ లేచి నిలబడ్డాను, మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. అప్పుడు అది కడ్డీని లోపలే ఉంచి చెయ్యి ఆపింది. ముల్లు మెల్లగా వచ్చి నడిమధ్యన ఆగింది. అయస్కాంతం లోపలే ఉంది, కాయిలు చుట్టూ ఉంది, కరెంటు మాత్రం లేదు. "ఎందుకు ఆగింది?" అని సారు అడిగాడు. "కదలడం ఆగింది సార్. కదిలితేనే పుడతాది" అంది మా కూతురు. "అభివాహం, అంటే కాయిలు లోపలికి పోయే అయస్కాంత బలం, మారితేనే అని పుస్తకంలో రాసిండేది ఇదే పాపా" అన్నాడు సారు.

పిల్లలు వెళ్ళాక నేను సారు దగ్గర సిగ్గుపడుతూ, "తప్పు చేసినా సార్" అన్నాను. "మీరు సరిగ్గా కలిపింటే ఈ పాఠం పది నిమిషాల్లో అయిపోయి, రేపటికి మరిచిపోయేవాళ్ళమ్మా. ఆ ముడికి టేపు చుట్టొద్దు, అట్లే వదిలెయ్యండి. ప్రతి ఏడాదీ మొదట మీ మాదిరి కలిపి చూపిస్తా, తర్వాత మీ పాప మాదిరి కలుపుతా" అన్నాడు.

ఇంటికి రాగానే మా కూతురు పుస్తకాల సంచి కూడా దించకుండా వాళ్ళ నాయనను కొత్తగా చుట్టిన మోటారు దగ్గరికి లాక్కుపోయింది. మేం మోటారు చుట్టాక లోపల ఒక బేరింగు గోళీ వేసి కరెంటు ఇచ్చి చూస్తాం, గోళీ గుండ్రంగా పరుగులు తీసిందంటే వైండింగు సరిగ్గా ఉన్నట్టు. అదే పని చేసి, గోళీ ఎందుకు పరుగెడుతుందో చేతులు తిప్పుతూ చెప్పింది. నార్తు ముందు పోతుంటే గోళీ వెనక పోతోందని, తాకకుండానే లాక్కుపోతోందని, ఏమేమో చెప్పింది. మా ఇంటాయన అంతా విని, చేతికంటిన వార్నీషు తుడుచుకుంటూ, "అయితే ఇన్నేండ్లు మనం చేసిందంతా పుస్తకంలో ఉండాదన్నమాట!" అన్నాడు. గుడ్డ పక్కన పడేసి, "సదువుకోనీలే. షెడ్డు యాడికి పోతాది, ఈడనే ఉంటాది" అన్నాడు. మంచం మీంచి మా అత్త, "నా మనవరాలు తప్పు పట్టిందంట గదా నీ పనికి! తిక్క కుదిరిందా?" అని నన్ను దెప్పి, చేయి చాచి మనవరాలి తల తడిమింది. పండుగ సెలవులు అయ్యాయి. మొదటి రోజు గంట కొట్టకముందే ఆ పిల్ల ప్రహరీ సందులోంచి దూరి బడిలో ఉంది. గడువు మాట నేనూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు.

తర్వాత పది పాసయింది, పాలిటెక్నిక్‌లో కరెంటు చదువు చదివింది. ఇప్పుడు కడపలో ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే చోట పదిమంది మీద పెద్దగా ఉంది. మా అత్త మాత్రం చర్చిలో అందరికీ, "మా కోడలు కావాలనే ఎదురు కలిపింది, పిల్ల తెలివి బయటికి తీయాలని" అని చెప్పుకుంది. నేను కాదని అనలేదు. ముసలామె ముచ్చట ఎందుకు చెడగొట్టాలి? మీకు మాత్రం నిజం చెబుతున్నాను, తెలియకే కలిపాను. సారు ఇంకో ఊరికి బదిలీ అయ్యాడు గానీ కాయిలును బడిలోనే వదిలిపోయాడు. ఇప్పటి ఫిజిక్సు మేడమ్ కూడా దాన్నే వాడుతుంది. ఏడాదికొకసారి ప్రహరీ అవతల పిల్లలు నవ్వడం వినబడుతుంది, ఆ తర్వాత కాసేపటికి "ఓ" అని కేక. అప్పుడు నేను చేతిలో పని ఆపి, ముల్లు కదిలింది అనుకుంటాను.

మా అత్త పోయింది. మేస్త్రీ పెదనాయన, కోళ్ళ అవ్వ పోయారు. ముగ్గురాడపిల్లలూ మూడు ఊళ్ళకు వెళ్ళారు. తలుపు కాడి తాత ఆ ఒక్కసారి మాత్రం అందరికంటే ముందుగా పోయాడు. చర్చిలో ఆ చోట్లలో వేరేవాళ్ళు కూర్చుంటున్నారు. నా లెక్కలో మాత్రం వాళ్ళే, అదే వరసలో, పదేసి చుట్లు. నిన్న ఆ నల్ల పలక మీద రొట్టె పెనం పెట్టి, మంట లేకుండా జొన్నరొట్టె కాల్చాను. రొట్టె పొంగుతుంటే చూస్తూ అనుకున్నాను. ఒకే షెడ్డులో, ఒకే పీట మీద కదలకుండా కూర్చున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను గానీ, కాలం ఆ అయస్కాంతం మాదిరి నా చుట్టూ కదులుతూనే ఉంది, అందుకే ఇంత వెలుగు పుట్టింది.

ఇంక లేవండి, మీకూ పొద్దుపోతోంది. రొట్టె తినిపోండి. మీ బోరులో నీళ్ళు అడుగంటకూడదు, మీ మోటారు ఏ ఎండాకాలమూ కాలకూడదు. మీ ఇంట్లో పిల్లలు మీ తప్పు పట్టేంత తెలివిగలవాళ్ళు కావాలి, వాళ్ళు తప్పు పట్టిన రోజున మీరు నవ్వగలగాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.